చీమ మార్కు బ్యాటు

మార్చి 3

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. మీ ఆటసామాన్ల కొట్లో కౌంటరు వెనక స్టూలుంటుంది కదా, దాని మీద కూర్చో. కంగారుపడే వార్తేం కాదు. నువ్వు ఒప్పుకోని కోరిక ఒకటి అడగబోతున్నాను, అందుకని.

నాకొక టేబుల్ టెన్నిస్ బ్యాటు కావాలి. నవ్వకు. ఇక్కడ సాయంత్రాలు హాల్లో టేబులు వేస్తున్నారు. టేబులంటే మరేం కాదు, రెండు పాత తలుపులు ఇటుకల మీద పెట్టారు. మధ్యలో సందుంది. బంతి ఆ సందులో పడితే పాయింటు ఎవరిదన్న దాని మీద మొన్న ఒకడి చెవి సగం తెగి వేలాడింది. వాణ్ణి ఆస్పత్రికి మోసుకుపోయాక మిగిలిన ఆట ఆడేశారు. నెత్తురు తుడిచిన గుడ్డే నెట్టుగా కట్టారు.

జైలరు నన్ను పిలిచి, "జూన్‌లో నీ విడుదల కాగితం కమిటీ ముందుకొస్తుంది. అప్పటిదాకా నీ మీద ఒక్క గొడవ లేకపోతే బయటికి పోతావు. ఒక్కటి జరిగిందా, ఇక్కడే ఉంటావు" అన్నాడు. ఆ ఒక్కటీ జరగకుండా చూసుకోవాలి. ఈ గోడల మధ్య చెయ్యెత్తకుండా ఉండడం ఎంత కష్టమో నీకు తెలీదక్కా. పొద్దున పళ్ళు తోముకునే దగ్గర్నుంచి ఎవడో ఒకడు భుజంతో గుద్దుతూనే ఉంటాడు.

ఇక బ్యాటు సంగతి. పేరున్న కంపెనీది పంపకు, రెండ్రోజులు ఆగదు. మా బ్లాకుకి పెద్ద ఒక మేస్త్రీ. బయట ఇళ్ళు కట్టేవాడు, లోపల ఎముకలు విరుస్తున్నాడు. వాడి కంటికి నదురుగా కనిపించిన ప్రతి వస్తువూ వాడిదే. ఎవరూ వినని కంపెనీది, మొహం చూస్తే జాలేసేది పంపు. చెక్క నిదానంగా ఉండాలి, పొరలన్నీ ఉత్త చెక్కే ఉండాలి, బంతికి విసురిచ్చే కార్బన్ పొర వద్దు. ఒకవైపు పల్చటి స్పాంజితో మామూలు రబ్బరు. రెండోవైపు పొడవు బుడిపెల రబ్బరు, స్పాంజి లేకుండా.

బుడిపెల రబ్బరనగానే నీ మొహం ఎలా మారుతుందో నాకిక్కడికి కనిపిస్తోంది. అయినా అదే కావాలి.

మర్చిపోయాను, బ్యాటు చెక్కని జవాబులో బ్లేడు అని రాయకు, చెక్క అనే రాయి. గుమస్తా ఉత్తరాలు పూర్తిగా చదవడు, కత్తి, బ్లేడు లాంటి మాటల కోసం పైపైన చూస్తాడు, వాడికి ఆటల సంగతి తెలీదు. పోయినసారి నువ్వు 'కొత్త బ్లేళ్ళు వచ్చాయి' అని రాస్తే నా పరుపంతా చించి వెతికి, ఏమీ దొరకనందుకు రెండు తగిలించి పోయారు.

నాన్నకి చెప్పకు.

నీ తమ్ముడు


మార్చి 16

ఒరేయ్ తమ్ముడూ,

కూర్చునే చదివాను. చదివి లేచి నిలబడ్డాను. పొడవు బుడిపెలా? నీకా? ఎదుటివాడు తిప్పి కొట్టిన బంతిని తిరగేసి మెల్లగా వాడి మొహానికే పంపించుకుంటూ, టేబులుకి బారెడు దూరంలో నిలబడి, వాడు అలిసిపోతే చాలు దేవుడా అని ఎదురు చూసే రబ్బరు కదరా అది! మోకాళ్ళు అరిగిన పెద్దమనుషులు కొంటారు మా దగ్గర. నువ్వు కొడితే జనం గ్యాలరీలో లేచి నిలబడేవాళ్ళు. నిన్ను అక్కడ ఏం చేశారో, ఎలా బెదరగొట్టారో!

పేరులేని కంపెనీ కావాలన్నావు, అది మాత్రం బాగా అడిగావు. చీమ మార్కు అని ఒకటి వచ్చింది. ఇద్దరన్నదమ్ములట, తలుపుల చెక్క కోసే మిల్లు నడిపేవాళ్ళు. మిగిలిన పల్చటి చెక్కతో బ్యాట్లు మొదలెట్టారు. పిడి మీద చీమ బొమ్మ ఉంటుంది, దానికి ఒక కాలు తక్కువ. మా ఓనరు వాటిని వెనక గదిలో పడేసి, "ఎవరైనా అడిగితే లేవని చెప్పు" అన్నాడు. నాకు మాత్రం నచ్చాయి. చిక్కంతా ఒక్కటే, ఒకే రకం రెండు తీస్తే రెండూ ఒకలా ఉండవు. పెద్ద కంపెనీలకి యంత్రాలున్నాయి, వీళ్ళకి వాళ్ళ చేతులే. అందుకని ఉన్నవన్నీ తెచ్చి త్రాసులో తూచాను. ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టి వేలితో తట్టాను. బోలుగా మోగింది పక్కన పెట్టాను, గట్టిగా టక్కుమన్నది తీశాను. నేలంతా చెక్కలు పరుచుకుని తడుతుంటే, కొనడానికి వచ్చినాయన పుచ్చకాయలనుకుని ధర అడిగాడు.

నువ్వు అడిగింది పంపడం లేదు. నీకు ఏం కావాలో నీకంటే నాకు బాగా తెలుసు. కార్బన్ పొర ఉన్న చెక్క, రెండువైపులా జిగట రబ్బరు, స్పాంజి దండిగా. జిగురు రాసి నేనే అంటించాను, రాత్రంతా బరువు కింద పెట్టాను. ఆ మేస్త్రీని టేబులు దగ్గర చితక్కొట్టు. ఆటలో కొడితే ఎవడూ కేసు పెట్టడు.

మా చిట్టి మన నాన్న హాల్లో ఆట నేర్చుకోవడం మొదలెట్టింది. మొన్ననే తొమ్మిది నిండాయి, మణికట్టు అచ్చం నీదే. నాన్న చాలా మారిపోయాడ్రా. రూలుకర్ర పట్టుకోవడం మానేశాడు. బ్యాటు పిడితో ఊరికే అలా తాకిస్తాడంతే. మనవరాలంటే ప్రాణం. మీ బావ లారీ తోలుకుని వెళ్ళి నెలయింది, ఆయనకి ఇవేవీ పట్టవు.

బాగా తిని, బాగా కొట్టు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

నీ పార్సిలు అందింది. నీ నమ్మకమూ అందింది. వాటి పుణ్యమా అని నా పళ్ళు రెండు పోయాయి.

చేతిలోకి తీసుకోగానే తెలిసింది ఇదేం చెక్కో. పక్కన పెట్టేయాల్సింది. పెట్టలేకపోయాను. సాయంత్రం మేస్త్రీ, "ఏరా, చీమలు పట్టిన చెక్కతో వచ్చావు" అన్నాడు, అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏం జరిగిందో నువ్వు ఊహించుకోగలవు. వాడి సర్వీసు వచ్చింది, నా చెయ్యి లేచింది. మళ్ళీ లేచింది. బంతి వాడి గుండెల మీద, గొంతు మీద, కనుబొమ్మ మీద తగులుతోంది, నేను ఆపడం లేదు. పాయింట్లు అయిపోయినా కొడుతూనే ఉన్నాను. వాడికి బ్యాటు బంతికి ఆనించే సందు కూడా ఇవ్వలేదు. హాలంతా ఈలలు. నువ్వుంటే నువ్వూ వేసేదానివి.

మర్నాడు పొద్దున కుళాయిల దగ్గర వాడి మనుషులు పట్టుకున్నారు. సబ్బు కళ్ళలో ఉంది, ఎందరో లెక్క తెలీదు. ఒకడు బకెట్టుతో మొహం మీద కొట్టాడు. కింద పడ్డాక పక్కటెముకల మీద తన్నారు. గోడకి నీళ్ళ పైపుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. లేవడానికి కాదక్కా, వదిలితే ఈ చేతులు ఎవణ్ణో ఒకణ్ణి చంపుతాయి, జూన్ పోతుంది, అందుకు. వాళ్ళు తంతూనే ఉన్నారు, నేను పైపు పట్టుకునే ఉన్నాను. చివరికి వాళ్ళకే విసుగొచ్చింది. ఒకడు నా వేళ్ళు విప్పదీయాలని చూసి, రాక, ఉమ్మేసి పోయాడు. వార్డరు అడిగితే సబ్బు మీద జారానని చెప్పాను.

బ్యాటు మేస్త్రీ తీసుకున్నాడు. పేరులేని బ్యాటుకి నేనే పేరు తెచ్చిపెట్టాను మరి. ఇప్పుడు దాన్ని తల కింద పెట్టుకుని పడుకుంటున్నాడు.

దయచేసి నేను అడిగింది పంపు. నిదానం చెక్క, పొడవు బుడిపెలు. నీకు దణ్ణం పెడతాను.

నాన్న పిడితో ఎక్కడ తాకిస్తున్నాడు? వీపు మీదా, వేళ్ళ కణుపుల మీదా? చిట్టి చేత లెక్క పెట్టిస్తున్నాడా?

బోసినోటి నీ తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కొట్లోనే భోరున ఏడ్చాను. తర్వాత ఏడుపు పోయి ఒళ్ళు మండింది. పైపు పట్టుకుని ఉండిపోయావా? మన ఇంటివాడివేనా నువ్వు? తన్నులు తింటూ చేతులు దాచుకోవడం నీకెవరు నేర్పారు?

నువ్వు చెయ్యనిది నేను చేశాను. నిన్న సెలవు పెట్టి బస్సెక్కి వచ్చి, జైలరు గారికి స్వయంగా ఫిర్యాదు రాసిచ్చాను. మేస్త్రీ పేరు, బకెట్టు, పళ్ళు, పక్కటెముకలు అన్నీ రాశాను. నిన్ను చూడనివ్వలేదు, చూసే రోజు కాదన్నారు. కానీ ఆయన చాలా మర్యాదగా, "చర్య తీసుకుంటానమ్మా" అన్నాడు. ఇకనుంచి నీ జోలికి ఎవడూ రాడు. హాయిగా నిద్రపో.

ఇంక ఆ బుడిపెల రబ్బరు మాటెత్తకు.

నాన్న గురించి గుచ్చి గుచ్చి అడుగుతున్నావు. మనం తిన్న దెబ్బలు నాకూ గుర్తున్నాయి. టేబులు దగ్గర గీసిన సుద్దగీత దాటి వెనక్కి అడుగేస్తే పిక్క మీద ఒకటి, బంతి నెట్టుకి కొడితే కణుపు మీద ఒకటి. మన దెబ్బలు మనమే పైకి లెక్కపెట్టాలి, గొంతు వణికితే మళ్ళీ మొదట్నుంచి. కానీ ఆ గోడనిండా ఉన్న కప్పులు ఊరికే వచ్చాయా? నేను ఈ కొట్లో నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ ఆట వల్లే కదా. చిట్టిని నాన్న అలా కొట్టడు. మొన్న పోటీల్లో తనకంటే పెద్దపిల్లల్ని ఓడించింది. ఆ రోజు ప్రాక్టీసులో బంతి తగిలి చూపుడువేలు వాచిపోతే నాన్నే దగ్గర కూర్చోబెట్టుకుని కట్టు కట్టాడు. తాతా మనవరాళ్ళని చూస్తే నాకే అసూయ వేసింది.

కోపంతోనూ ప్రేమతోనూ,
అక్క


ఏప్రిల్ 28

అక్కా,

దస్తూరీ మారిందని భయపడకు. నేను చెబుతుంటే దర్జీ రాస్తున్నాడు. మా గదిలోనే ఉంటాడు, పెద్దాయన.

నువ్వు ఫిర్యాదు ఇచ్చిన రోజే మేస్త్రీని ఒంటరి గదిలో వేశారు. జైలరు మాట నిలబెట్టుకున్నాడు. దాంతో నేను పైవాళ్ళకి చేరవేసేవాణ్ణని బ్లాకంతా తెలిసిపోయింది. ఇక్కడ దొంగకి మర్యాదుంది, హంతకుడికి ఇంకా ఎక్కువుంది, చాడీ చెప్పేవాడికి లేదు. మూడోరోజు వాడి మనుషులు మా గది ఇనప తలుపు సందులో నా కుడిచెయ్యి పెట్టించి, తలుపు లాగారు. ఒక్కసారి కాదు. మధ్యవేళ్ళు రెండూ విరిగాయి. ఈసారి పట్టుకోవడానికి పైపు కూడా లేదు. దర్జీ తన కాలర్‌ని నా పళ్ళ మధ్య పెట్టాడు, కొరకమని. కొరికాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు. గొడవ లెక్కలోకి రాలేదు, జూన్ ఇంకా బతికే ఉంది.

నీ మీద కోపం లేదు. నేను నిన్ను కాపాడమనలేదు, మెత్తటి బ్యాటు ఒకటి అడిగాను. ఎందుకో మొదటే చెప్పాల్సింది.

ఈ దర్జీ దగ్గర బుడిపెల రబ్బరు బ్యాటుంది, అరిగిపోయి కుక్క కొరికినట్టుంటుంది. ఆయన ఆడుతుంటే చూశాను. ఎదుటివాడు బూతులు తిడుతూ బాదుతాడు. ఆయన నాలుగడుగులు వెనక నిలబడి తిప్పి పంపుతాడు. వాడు ఎంత కసిగా తిప్పితే అంత తిక్కగా తిరిగి వెళ్తుంది, వాడి కసే వాడికి చుట్టుకుంటుంది. ఇరవై బంతులయ్యాక వాడికి తిట్లూ అయిపోతాయి. ఒకరోజు ఆయన బ్యాటు అడిగి ఆడాను. అక్కా, అంతసేపు ఆడినా నాకు ఎవణ్ణీ కొట్టాలనిపించలేదు. ఒంట్లో ఇంకెవరో లేకుండా నేనొక్కణ్ణే ఉన్నట్టనిపించింది. పుట్టాక మొదటిసారి.

క్లబ్బు ఫైనల్ రోజు నువ్వు ముందు వరసలో ఉన్నావు. బంతి టేబులు అంచుకి తగిలిందని నేను, తగల్లేదని నాతో ఆడుతున్న ఆ ఇన్సూరెన్సాయన. ఆయన్ని బ్యాటు అంచుతో కొట్టాను. పిడి ఒక్కటే చేతిలో మిగిలేదాకా కొట్టాను. ఆయన దవడ పోయింది, కన్ను పోయింది. లెక్కపెడుతూ కొట్టాడని సాక్షులందరూ చెప్పారు. 'ఎంత కఠినాత్ముడు, తాపీగా లెక్కపెట్టాడు' అని జడ్జి శిక్ష పెంచాడు. ఎవరు నేర్పిన లెక్కో ఆ గదిలో ఇద్దరికే తెలుసు, నీకూ నాకూ. నాన్న ఆ రోజు కోర్టుకి రాలేదు, ప్రాక్టీసు ఉందన్నాడు.

ఇంకోటి అడుగుతాను. నువ్వు రోజూ అమ్మే బంతి బరువెంత? ఊదితే ఎగిరిపోతుంది. అది తగిలి వేలు వాస్తుందా? దుకాణంలో కూర్చుని ఆ మాట ఎలా నమ్మావక్కా?

చిట్టి దగ్గర ఉన్నప్పుడు, తనకి చెప్పకుండా, ఏదో అందుకుంటున్నట్టు గబుక్కున చెయ్యెత్తు. ఏం చేస్తుందో చూసి నాకు రాయి.

తమ్ముడు

(అమ్మా, నేను దర్జీని. మీవాడు చెప్పని మాట ఒకటి. తలుపు లాగినప్పుడు వీడు అరవలేదు, అంకెలు చెప్పాడు. లాగినవాళ్ళే భయపడి వదిలేశారు. బ్యాటు త్వరగా పంపండి.)


మే 6

తమ్ముడూ,

చెయ్యెత్తాను. గూట్లో జిగురు డబ్బా అందుకుంటున్నట్టు ఎత్తాను.

చిట్టి తల కూడా తిప్పలేదు. చదువుతున్న పుస్తకం మూసి, పక్కన పెట్టి, రెండు చేతులూ కణుపులు పైకి వచ్చేలా ముందుకి చాపి, "ఒకటి" అంది. నేనింకా కొట్టకుండానే.

ఆ కట్టు విప్పి చూశాను. వేలు వంకరగా అతుక్కుంటోంది. ఎవరు చేశారే అంటే, "బంతి తగిలిందమ్మా" అంది, నా కళ్ళలోకి చూసి, తడుముకోకుండా. మనం అమ్మకి చెప్పినట్టే.

ఇప్పుడే వెనక గదిలో కూర్చుని నీ బ్యాటు చేస్తున్నాను. ఈసారి బోలుగా మోగినవాటిలోంచి ఏరాను, అన్నిట్లోకీ తేలికది. వేలితో తడితే దిండుని తట్టినట్టుంది. కార్బన్ లేదు. ఒకవైపు పల్చటి స్పాంజి, రెండోవైపు నల్లటి బుడిపెలు, చీమ మార్కువే. గోరుతో రాస్తే పిల్లి నాలుకలా గరుగ్గా ఉన్నాయి. అంచులు ఊడొస్తాయని ఈ కంపెనీకి చెడ్డపేరుంది, అందుకని చుట్టూ రెండుసార్లు పట్టీ వేశాను. నువ్వు అడిగినప్పుడే ఇది చేసి ఉంటే నీ చెయ్యి నీకుండేది.

పంపేముందు ఒకసారి ఆడి చూస్తాను. రేపు హాలుకి తీసుకెళ్తాను. నాన్నతోనే ఆడతాను, అందరి ముందూ, గీత వెనక నిలబడి.

అక్క


మే 11

అక్కా,

ఎడమచేత్తో గీస్తున్నాను, అర్థం చేసుకో. హాలుకి వెళ్ళొద్దు. నాన్నతో ఆడొద్దు. ఓడించాలని చూడొద్దు. ఆ హాల్లో అడుగు పెడితే నువ్వూ ఆయన మనిషివే అయిపోతావు. చిట్టిని తీసుకుని ఆ బడి నుంచి, ఆ వీధి నుంచి ఎక్కడికైనా వెళ్ళిపో. బ్యాటు రాకపోయినా పర్లేదు.

తమ్ముడు


మే 19

తమ్ముడూ,

నీ ఎడమచేతి ఉత్తరం నిన్న వచ్చింది. నేను హాలుకి ఏడో తేదీనే వెళ్ళాను.

ఉన్నదున్నట్టు రాస్తాను. పిల్లలు గోడవారన వరసగా నిలబడ్డారు. ఇది నీ కోసం చేశానని చెబితే, నాన్న నా చేతిలోంచి బ్యాటు తీసుకుని, బుడిపెల మీద బొటనవేలు రాసి, "మీ తమ్ముడు లోపల ఇలాంటివాడైపోయాడా" అని నవ్వాడు. ఆట మొదలెట్టాం. నేను సుద్దగీత దాటి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. పిల్లలు నా కాళ్ళ వంకే చూశారు.

ఆయన కొట్టాడు. ఈ వయసులోనూ ఆ చేతిలో ఎంత విసురుందో. బంతి మెల్లగా తిరిగి వెళ్ళి ఆయన ముందు చచ్చినట్టు కిందికి దిగింది, నెట్టుకి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ నెట్టు. నువ్వు చెప్పింది నిజం. నా గుండె ఎంత నిదానంగా కొట్టుకుందో! ఇలాంటి ఆట ఒకటుందని ఇన్నేళ్ళు నాకెవరూ చెప్పలేదు. ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుంది, మెడ మీద నరాలు లేచాయి. వరసలో ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది.

అప్పుడు నాన్న బ్యాటు కింద పెట్టి, "చిట్టీ, ఇలా రా" అన్నాడు. "మీ అమ్మ వెనక్కేసిన ప్రతి అడుగుకీ నీకొకటి. చెయ్యి చాపు" అన్నాడు. మూలన రూలుకర్ర ఉంది. మానేశాడని నీకు రాశాను కదా, అక్కడే ఉంది. నేను టేబులు చుట్టి వచ్చేలోపే ఆ వంకరవేలి మీద పడింది. చిట్టి, "ఒకటి" అంది.

నేను కొట్టాను. బ్యాటు అంచుతో మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది, ఎండుపుల్ల తొక్కినట్టు. కర్ర కింద పడింది, ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. భుజం మీద కొట్టాను, చెవి మీద కొట్టాను, అడ్డం పెట్టిన చేతి మీద కొట్టాను. చెవి చీలి నెత్తురు నా మెడ మీద పడింది, వెచ్చగా. "నాన్నా" అని అరుస్తూ కొడుతున్నాను, అదేం పిలుపో. చెయ్యి ఎంత తేలిగ్గా ఉందంటే, తమ్ముడూ, ఇంకా చాలాసేపు కొట్టగలననిపించింది. నాకు బాగుంది. నీ దగ్గర దాచను, చాలా బాగుంది.

వెనక నుంచి గొంతు వినిపిస్తోంది. రెండు. మూడు. నాలుగు. చిట్టి లెక్కపెడుతోంది. వణుకు లేకుండా, గంట కొట్టినట్టు, ఆయన నేర్పినట్టే. ఏడు దగ్గరగానీ అది నా చెవికెక్కలేదు. చేతిలో బ్యాటు అలాగే ఆగిపోయింది.

చిట్టి నా దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "ఆపేశావేంటమ్మా? పది కాలేదుగా" అంది.

నాన్నకి మణికట్టులో ప్లేటు వేశారు, చెవికి కుట్లు పడ్డాయి. డాక్టరు అడిగితే మెట్ల మీద జారిపడ్డానని చెప్పాడు. కేసేం లేదు. హాలుకి తాళం వేసి తాళంచెవి నేను తెచ్చేసుకున్నాను. చిట్టిని వేరే బడిలో వేస్తున్నాను, మీ బావకి కబురు పంపాను. ఇప్పుడు ఇంట్లో నేను గ్లాసు కాస్త గట్టిగా పెడితే చాలు, చిట్టి నా చేతి వంక చూస్తుంది. నన్నూ లెక్కలో చేర్చేసింది.

బ్యాటుకి అంచు కూడా చితకలేదు. అంత మెత్తటి చెక్కయి కూడా. కడిగాను కానీ నీకు పంపడానికి చేతులు రాలేదు. నన్ను అసహ్యించుకుంటావేమో. అసహ్యించుకున్నా సరే, నువ్వు త్వరగా ఇంటికి రా. మా ఇద్దరి మధ్యా చెయ్యెత్తని మనిషి ఒకరుండాలి. ఇప్పుడు నాకు తెలిసి ఆ పని చేతనైనవాడివి నువ్వొక్కడివే. చిట్టికి కూడా చెప్పాను, మామయ్య జూన్‌లో వస్తాడని. రోజులు గోడ మీద గీస్తోంది.

అక్క


జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో ఏ కాగితాల కిందో ఇరుక్కుని, కమిటీ కూర్చునే ముందురోజు నా చేతికొచ్చింది. నిన్ను అసహ్యించుకున్నానా? ఏం జరిగిందో చెబుతాను, నువ్వే తేల్చుకో.

కమిటీలో ముగ్గురున్నారు. మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. నా కాగితాల్లో ఒక్క గొడవ కూడా లేదు. పళ్ళు పోయినా, వేళ్ళు విరిగినా చెయ్యెత్తలేదని జైలరే దగ్గరుండి చెప్పాడు. దర్జీ నాకు జవాబులన్నీ కంఠతా పట్టించాడు. చేసిన తప్పుకి ఏమనుకుంటున్నావు, ఇంకొకరు రెచ్చగొడితే ఏం చేస్తావు, బయటికెళ్ళి ఏం చేస్తావు, అన్నీ అడిగారు, అన్నీ చెప్పాను. ఆవిడ కాగితం మూసేసింది. మూసి, ఊరికే, బంధువుల్ని పలకరించినట్టు, "చివరిసారి బాగా సంతోషపడింది ఎప్పుడయ్యా?" అంది.

అది దర్జీ చెప్పిన వాటిలో లేదు.

ఏదో ఒకటి చెప్పొచ్చు. బుడిపెల రబ్బరుతో ఆడిన రోజని చెబితే సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు. కానీ నోట్లోంచి నిజం వచ్చింది. "నిన్నండీ" అన్నాను. "నాకు తెలిసిన ఒక ముసలాయన మణికట్టు విరగ్గొట్టారని ఉత్తరం వచ్చింది. చదివి ఎగిరి గంతేశాను" అన్నాను. ఎవరు కొట్టారో చెప్పలేదు, నువ్వు భయపడకు. కానీ మిగతాదంతా చెప్పాను. చెవి చీలిన చోటు మళ్ళీ మళ్ళీ చదివానని చెప్పాను. గదిలో అందరికీ పైకి చదివి వినిపించానని, నాతోపాటు అందరూ అంకెలు చెప్పారని, ఏడు దగ్గర ఆగినందుకు నాకూ బాధేసిందని చెప్పాను. దర్జీ ఒక్కడే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నుంచి నాతో మాట్లాడడం లేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. మిగతా ఇద్దరి వంకా చూసింది. "ఇంకో ఏడాది ఉండు" అంది. కోపంగా అనలేదు. నాకూ కోపం రాలేదు. నేను చెయ్యెత్తని మనిషినని నువ్వు రాశావు. చెయ్యి ఎత్తకుండా ఉండడం నేర్చుకున్నాను, అంతవరకే. నా లోపల ఉన్నవాడు అక్కడే కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. వాణ్ణి తీసుకుని చిట్టి ఉన్న ఇంటికి ఎలా రాను?

ఇంకో చీమ చెక్క ఏరి పంపు. తొందరలేదు, నా వేళ్ళు కూడా అతుక్కోవాలి. బరువు ఎలా ఉన్నా ఫర్వాలేదు. పాతది ఎవరికీ అమ్మకు, పొయ్యిలో పెట్టెయ్యి.

గోడ మీద గీతలు అయిపోయాక మామయ్య ఎందుకు రాలేదని చిట్టి అడుగుతుంది. ఆరోగ్యం బాలేదనీ, సెలవు దొరకలేదనీ చెప్పకు, పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పు. మామయ్య ఎవర్నీ కొట్టలేదమ్మా, తాతయ్యని కొట్టారని వినగానే సంతోషపడ్డాడు, అందుకే ఇంకో ఏడాది ఉండమన్నారు, మామయ్య కూడా అదే సరైందనుకున్నాడు అని చెప్పు.

నీ తమ్ముడు